కాటన్ దొర పేరులో పత్తి లేదు

ఇంగ్లీషు మాటల పుట్టుకను, ఇంగ్లీషు పేర్ల అర్థాలను గురించిన ఈ ప్రసంగం ప్రతిపాదించే విషయం ఒక్కటే. ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే అది నేడు చెవికి ఎలా వినిపిస్తోందో చూస్తే చాలదు. పాత రాతల్లో దాని రూపం ఏమిటో, ఏ కాలంలో ఏ భాషల మీదుగా నడిచి వచ్చిందో చూడాలి. చెవికి తోచిన పోలిక సాక్ష్యం కాదు, పాత రాతే సాక్ష్యం. ఈ ఒక్క మాటను శ్రోతలు మనసులో ఉంచుకుంటే, తక్కిన ఉదాహరణలన్నీ దాని చుట్టూ వాటంతటవే అల్లుకుంటాయి.

మాట పుట్టుకను విచారించే శాస్త్రం భారతదేశానికి కొత్తది కాదు. వేదంలోని కఠిన పదాలకు అర్థం చెప్పడానికి యాస్కుడు నిరుక్తం రచించాడు. ఒక పదం ఏ ధాతువు నుంచి ఎలా ఏర్పడిందో చెప్పే వివరణకు వ్యుత్పత్తి అని పేరు. ఆధారాలతో పని లేకుండా, కేవలం ధ్వనిని పట్టుకొని జనం కల్పించుకునే వ్యుత్పత్తిని భాషాశాస్త్రజ్ఞులు లోకనిరుక్తి అంటారు. లోకనిరుక్తిలో ఊహ ఉంటుంది, ఒక్కొక్కప్పుడు అందం కూడా ఉంటుంది, కాని ప్రమాణం ఉండదు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియజేయడమే నేటి ప్రసంగం ఉద్దేశం.

మొదటి ఉదాహరణ గోదావరి జిల్లాల్లో ఇంటింటా తెలిసిన పేరు. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే, ఇంగ్లీషు కొద్దిగా వచ్చినవారికి పత్తి, నూలుబట్ట గుర్తుకు రావడం సహజం. ఆయన పూర్వులు పత్తి వ్యాపారం చేసి ఉంటారని అనుకోవడం కూడా సహజమే. కాని కాటన్ అనే ఇంటిపేరులో పత్తి లేదు. పాత ఇంగ్లీషులో కాట్ అంటే గుడిసె. గుడిసెల దగ్గర అని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ మాటకు బహువచనాన్ని, విభక్తిని కలిపి కాటుమ్ అనేవారు. ఇంగ్లండ్‌లో చాలా పల్లెలకు అదే పేరు నిలిచిపోయి, కాలక్రమంలో కొన్ని కోటన్, కొన్ని కాటన్ అయ్యాయి. ఆ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలకు కాటన్ అనేది ఇంటిపేరు అయింది. అంటే ఆ పేరుకు అర్థం గుడిసెల పల్లె వారని.

తెలుగువారికి ఈ పద్ధతి ఏమాత్రం కొత్తగా తోచదు. కందుకూరి అనే ఇంటిపేరులో కందుకూరు అనే ఊరు ఉంది. చివరి ఉకారం ఇకారంగా మారి, కందుకూరుకు చెందినవారు అనే అర్థాన్ని ఇస్తోంది. తెలుగు వ్యాకర్తలు ఇటువంటి మార్పును ఔపవిభక్తికం అన్నారు, అంటే విభక్తి చేరేటప్పుడు మాట చివర కలిగే మార్పు. కందుకూరి చివర నిలిచిన ఆ ఇకారం ఎటువంటిదో, కాటన్ చివర నిలిచిన నకారం కూడా అటువంటిదే. ఊరి పేరుకు తగిలిన విభక్తి అరిగిపోయి, అర్థం మరుగునపడి, ఇంటిపేరులో గుర్తుగా మాత్రం మిగిలింది.

మరి పత్తికి ఇంగ్లీషులో ఉన్న కాటన్ అనే మాట ఎక్కడిది? అది అరబ్బీ భాషలోని కుతున్ అనే మాట నుంచి ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా సుమారు 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకు చేరింది. పల్లె పేరు అంతకు చాలా ముందే అక్కడ ఉంది. ఈ రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే ధ్వని దగ్గర కలుసుకున్న మాటలు, అంతే. ఇంకొక వింత కూడా గమనించదగ్గది. మంచానికి ఇంగ్లీషులో కాట్ అని పేరు. ఈ కాట్ గుడిసె కాట్ కాదు. సంస్కృతంలోని ఖట్వ హిందీలో ఖాట్ అయి, ఇండియాకు వచ్చిన ఇంగ్లీషువారి నోట కాట్ అయింది. అయితే తిరుమలలో యాత్రికులు గదుల కోసం అడిగే కాటేజీ మాత్రం పాత గుడిసె కాట్‌కే మనుమరాలు. కాటన్ దొర ఇంటిపేరుకూ కాటేజీకీ చుట్టరికం ఉంది. కాటన్ చీరకూ కాటన్ దొరకూ లేదు. చెవికి తోచిన పోలిక సాక్ష్యం కాదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

ఇంగ్లీషు ఇంటిపేర్ల చరిత్రను ఇక్కడ కొంత వివరించడం అవసరం. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించే నాటికి అక్కడి సామాన్యులకు వంశపారంపర్యమైన ఇంటిపేర్లు లేవు; ఒక మనిషికి ఒక పేరే ఉండేది. ఊళ్లు పెరిగి, పన్నుల పట్టీలు, భూమి దస్తావేజులు రాయవలసి వచ్చినప్పుడు ఒకే పేరు గల నలుగురిని వేరుచేసి చెప్పడానికి ఊరి పేరునో, తండ్రి పేరునో, చేసే పనినో, మనిషి వాలకాన్నో పేరు వెనక చేర్చారు. తర్వాతి మూడు నాలుగు శతాబ్దాల్లో ఆ చేర్పులే కొడుకులకు, మనుమలకు సంక్రమించి ఇంటిపేర్లు అయ్యాయి. ఊరు, తండ్రి, వృత్తి, వాలకం అనే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుంటే ఇంగ్లీషు ఇంటిపేర్లలో అధికభాగం ఏ తరగతికి చెందుతాయో తెలుస్తుంది. తెలుగు భాషకు, తెలుగు చరిత్రకు సేవ చేసిన బ్రిటిష్‌వారి పేర్లలోనే ఈ నాలుగు రకాలూ కనిపిస్తాయి.

ఊరి పేరుకు కాటన్ ఒక ఉదాహరణ. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రకటించిన రాబర్ట్ కాల్డ్వెల్ పేరు మరొక ఉదాహరణ; కాల్డ్ అంటే చల్లని, వెల్ అంటే ఊట లేదా బావి కనుక, చల్లని ఊట ఉన్న చోటివారని ఆ ఇంటిపేరుకు అర్థం. తండ్రి పేరుకు ఉదాహరణ, తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందిన భాషలని 1816లోనే నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. బైబిలులోని ఏలియా ప్రవక్త పేరు మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఎలిస్ అయింది. ఆ పేరు గలవాని సంతతివారు ఎల్లిస్‌లు.

తండ్రి పేరుకు ఇంకా మంచి ఉదాహరణ ఊళ్ల చరిత్రలైన కైఫియతులను, శాసనాలను సేకరించిన కర్నల్ కాలిన్ మెకంజీ. ఆయన స్కాట్లండ్ దేశస్థుడు. అక్కడి గేలిక్ భాషలో మాక్ అంటే కొడుకు. మెకంజీ అంటే కాయిన్యక్ కొడుకు, ఆ కాయిన్యక్ అనే పేరే ఇంగ్లీషులో కెన్నెత్ అయింది. అయితే మెకంజీలో జకారం ఎక్కడి నుంచి వచ్చింది? స్కాట్లండ్ పాత రాతల్లో యకారానికి దగ్గరి ధ్వనిని సూచించే యోఖ్ అనే అక్షరం ఉండేది. అచ్చుయంత్రాలు వచ్చాక ఆ అక్షరానికి అచ్చు దొరకక, ఆకారంలో దానిని పోలిన జడ్ అక్షరాన్ని వాడారు. తరువాతివారు కనబడిన అక్షరాన్నే చదివారు. ఆ విధంగా మెకన్యీ వంటి ఉచ్చారణ పోయి మెకంజీ స్థిరపడింది. ఒక అచ్చు అక్షరం లేని కారణంగా ఒక వంశం పేరు పలుకుబడి మారిపోయింది. పాత రాత చూడని వారికి ఈ రహస్యం ఏనాటికీ తెలియదు.

వృత్తికి ఉదాహరణ, మెకంజీ సేకరించిన రాతప్రతులను మద్రాసులో పరిశీలించి వివరాలు రాసిన విలియం టేలర్. తెలుగు ఊళ్లలో టైలరు అనని వీధి లేదు. ఆ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలార్థం కుట్టేవాడని కాదు, కత్తిరించేవాడని. దర్జీ పనిలో కుట్టు ఎంత ముఖ్యమైనా, గుడ్డ మీద కత్తెర వేసే చేతికే ఆ పేరు దక్కింది. స్మిత్ అంటే లోహపు పనివాడు, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, మిల్లర్ అంటే పిండిమర నడిపేవాడు.

వాలకానికి ఉదాహరణ తెలుగువారు ఎన్నటికీ మరువలేని చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. జుట్టు గోధుమరంగులోనో, ఒంటి ఛాయ చామనగానో ఉన్న పూర్వునికి వచ్చిన పేరు బ్రౌన్. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన ఎ.డి. క్యాంప్‌బెల్ ఇంటిపేరు కూడా ఈ తరగతిదే. గేలిక్‌లో కామ్ అంటే వంకర, బేల్ అంటే నోరు. ఏ కాలంలోనో ఒక పూర్వుని మూతి కొద్దిగా వంకరగా ఉండి ఉంటుంది. ఎన్నో తరాల తరువాత కూడా ఆ వంశానికి అదే గుర్తు. ఇటువంటి మారుపేరుకు ఇంగ్లీషులో నిక్‌నేమ్ అంటారు. పాత రూపం ఈక్‌నేమ్. ఈక్ అంటే అదనం. బజారులో కూరగాయలు తూచాక పైన వేసే కొసరు ఎటువంటిదో, అసలు పేరు మీద జనం వేసే కొసరు పేరు ఈక్‌నేమ్. దాని ముందు నకారం ఎలా చేరిందో కొంతసేపటిలో తెలుస్తుంది.

మనుషుల పేర్లకు వర్తించిన సూత్రమే ఊళ్ల పేర్లకూ వర్తిస్తుంది. విద్యకు పేరుపొందిన ఆక్స్‌ఫర్డ్ పాత రూపం ఆక్సెనాఫోర్డా. ఆక్సెనా అంటే ఎద్దుల, ఫోర్డ్ అంటే నీళ్లు లోతు లేక కాళ్లతో దాటగలిగిన రేవు. అది ఎడ్ల రేవు. ఇక్కడ చెవికి తోచినదీ పాత రాత చెప్పేదీ ఒకటే. కాని ఆ దేశంలోనే ఉన్న కేంబ్రిడ్జి దగ్గర అదే ధైర్యంతో ఊహిస్తే పొరపాటు జరుగుతుంది. బ్రిడ్జి అంటే వంతెన. ఊరి పక్కన పారే నదికి కామ్ అని పేరు. కనుక కామ్ నది మీది వంతెన కేంబ్రిడ్జి అయిందని ఎవరైనా అంటారు. పాత రాతలు వేరే మాట చెబుతాయి. ఆ నది పేరు గ్రాంటా. 1086లో ఇంగ్లండ్ రాజు వేయించిన భూముల లెక్కలో ఆ ఊరు గ్రెంటెబ్రిజ్ అని ఉంది. ఫ్రెంచి మాట్లాడే నార్మన్ల నోట మొదటి అక్షరాలు మారి కాంటెబ్రిగ్ అయింది, పోను పోను కేంబ్రిడ్జి అయింది. ఊరి పేరు అలా మారాక, ఊరి పేరును చూసి నదికి కామ్ అనే పేరు పెట్టారు. అంటే నది పేరు ఊరికి రాలేదు, ఊరి పేరే నదికి వచ్చింది. ఏది తల్లి, ఏది బిడ్డ అన్నది చెవి చెప్పలేదు. తేదీలు గల రాతలు చెప్పాయి.

ఇంతవరకు చెప్పినదాని సారం మరొకసారి. ధ్వని ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. పాత రాత చూడాలి, కాలం చూడాలి, నడిచిన దారి చూడాలి.

ఇక ఈ సూత్రాన్ని వంటింట్లోకి తీసుకువెళితే, చెవికి ఏమాత్రం చుట్టరికం తోచని మాటలు ఒకే కడుపున పుట్టినవని తేలుతుంది. షుగర్, చక్కెర అనే రెండు మాటలు వింటే అవి వేర్వేరని తోస్తుంది. సంస్కృతంలో శర్కర అంటే మొదట ఇసుక, గులకరాయి. గరుకుగా, రవ్వలుగా ఉన్నందున చెరకు పంచదారకు ఆ పేరు వచ్చింది. శర్కర ప్రాకృతంలో సక్కర అయి తెలుగులో చక్కెర అయింది. అదే శర్కర పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఫ్రెంచిలో సూక్ర్ అయి, చివరకు ఇంగ్లీషులో షుగర్ అయింది. పిల్లలు కొనుక్కునే క్యాండీ కూడా ఈ దేశపు మాటే. సంస్కృతంలో ఖండం అంటే ముక్క. గడ్డకట్టిన చక్కెరకు పారశీకంలో కంద్ అని, ఇంగ్లీషులో షుగర్ క్యాండీ అని పేరు వచ్చింది. తెలుగులో దానిని కండచక్కెర అంటారు. కండచక్కెర, షుగర్ క్యాండీ అనే మాటలను పక్కపక్కన పెడితే, రెండు భాగాలూ తారుమారుగా సరిపోతాయి. కండకు క్యాండీ, చక్కెరకు షుగర్.

పోపుల పెట్టెలోని మిరియాన్ని ఇంగ్లీషులో పెప్పర్ అంటారు. ఈ మాటకు మూలం మిరియం కాదు, పిప్పలి. సంస్కృత పిప్పలి గ్రీకులో పెపెరి, లాటిన్‌లో పిపెర్ అయి ఇంగ్లీషుకు చేరింది. పచారీ కొట్టులో పిప్పళ్లు అడిగితే పొడవుగా ముడులుముడులుగా ఉండే దినుసు ఇస్తారు, మిరియాలు అడిగితే గుండ్రటి గింజలు ఇస్తారు. తెలుగు ఇంటి వైద్యంలో ఈ రెండింటికీ ఉన్న తేడా నేటికీ చెరగలేదు. పడమటి దేశాల్లో మాత్రం పిప్పలి పేరు మిరియానికి అంటుకుపోయింది. సరుకు మారినా పేరు మిగలడం మాటల చరిత్రలో తరచుగా జరిగేదే.

పండ్ల బండి మీది నారింజ మరొక మంచి పాఠం. నారింజ పేరు ద్రావిడ భాషల్లో పుట్టి సంస్కృతంలోకి నారంగంగా వెళ్లిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ తర్వాత పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరంఖ అయింది. ఇటలీ, ఫ్రాన్సు దేశాలకు చేరేసరికి మొదటి నకారం జారిపోయి, ఇంగ్లీషులో ఆరెంజ్ అయింది. ఆ దేశాల భాషల్లో పేరుకు ముందు ఒక అనే అర్థంలో ఉన్, ఉన వంటి చిన్న మాట వస్తుంది. దాని నకారమూ పండు పేరులోని నకారమూ కలిసిపోయి, వినేవారికి ఎక్కడ విరవాలో తెలియలేదు. తెలుగు నారింజలో ఆ నకారం నేటికీ చెక్కుచెదరకుండా ఉంది.

ఇంగ్లీషులోనూ ఇదే రకమైన పొరపాటు జరిగింది. క్రికెట్ చూసే ప్రతివారికీ తెలిసిన అంపైర్ అనే మాట పాత రూపం నంపేర్. ఫ్రెంచిలో నాన్ అంటే కాదు, పేర్ అంటే జత లేదా సాటి. ఇద్దరు వాదులాడుకుంటే ఏ పక్షానికీ జతకాని మూడోవాడు, అంటే బేసి మనిషి, తగవు తీర్చాలి. ఎ నంపేర్ అన్నదాన్ని జనం ఆన్ అంపేర్ అని విరిచారు; నకారం ముందుకు జరిగిపోయింది. వంటచేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ కూడా ఒకప్పుడు నేప్రన్. దీనికి తలకిందుగా జరిగింది కొసరు పేరు విషయంలో. ఆన్ ఈక్‌నేమ్ అన్నదాన్ని ఎ నీక్‌నేమ్ అని విరిచారు కనుక అది నిక్‌నేమ్ అయింది. మూడు మాటల్లో జరిగింది ఒకటే తప్పు, రెండు దిక్కులుగా. ఇటువంటి క్రమం కనబడినప్పుడే వ్యుత్పత్తి ఊహ కాక శాస్త్రం అవుతుంది.

తెలుగు నుంచి నేరుగా ఇంగ్లీషుకు వెళ్లిన మాట కూడా ఒకటి ఉంది. అది పందికొక్కు. ధాన్యపు కొట్లను, ఇంటి పునాదులను తవ్విపోసే ఈ జంతువును చూసిన ఇంగ్లీషువారు దాని తెలుగు పేరునే పలకబోయి బాండికూట్ అన్నారు. పంది వంటి ఎలుక అని ఆ పేరుకు అర్థం. జంతుశాస్త్రజ్ఞులు ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అనే శాస్త్రీయ నామం పెట్టారు కనుక, ఒక తెలుగు మాట లాటిన్ వేషంతో ప్రపంచంలోని శాస్త్రగ్రంథాల్లో నిలిచింది. అంతటితో ఆ మాట ప్రయాణం ఆగలేదు. ఆస్ట్రేలియాలో కడుపు సంచిలో పిల్లలను మోసే ఒక చిన్న జంతువు కొంత ఈ ఎలుకలా కనబడినందున దానికీ అదే పేరు పెట్టారు. పందికొక్కుతో ఆ జంతువుకు జాతిపరంగా సంబంధం లేదు. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ అనే వీడియో ఆట ఆడిన తెలుగు పిల్లలకు, ఆ కథానాయకుని పేరు తమ తాతల ధాన్యపు కొట్టు దగ్గర పుట్టిందని తెలియకపోవచ్చు. అందుకు ఆధారం లోకనిరుక్తి కాదు. ఇండియాలోని ఇంగ్లీషు మాటల మీద హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కూర్చిన హాబ్సన్ జాబ్సన్ అనే 1886 నాటి నిఘంటువు దీనిని తెలుగు మాటగానే నమోదు చేసింది.

ఇటువంటి నిజమైన గౌరవం ఉన్నప్పుడు లేని గౌరవాన్ని అంటగట్టుకోవలసిన అవసరం తెలుగుకు లేదు. సన్నని నూలుబట్టకు ఇంగ్లీషులో మస్లిన్ అని పేరు. మచిలీపట్నానికి మసులీపట్నం అనే పేరు కూడా ఉండడం వల్ల, ఆ రేవు నుంచి వెళ్లిన బట్ట కనుక మస్లిన్ అయిందనే మాట తెలుగునాట వినిపిస్తూ ఉంటుంది. పోలిక బాగా ఉంది. మచిలీపట్నం బట్టలకు పేరుపొందిన రేవు అన్నదీ నిజమే. కాని ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం ఏర్పరచింది 1611లో. అంతకు మూడు వందల ఏళ్ల ముందే యాత్రికుడు మార్కోపోలో వృత్తాంతంలో నేటి ఇరాక్‌లోని మోసుల్ నగరపు బట్టల ప్రస్తావన ఆ ఊరి పేరుతోనే ఉంది. ఇటాలియన్‌లో ముస్సొలినా, ఫ్రెంచిలో ముస్లీన్, ఇంగ్లీషులో మస్లిన్ అని దారి స్పష్టంగా కనబడుతోంది. ఆ దారిలో మచిలీపట్నం లేదు. ఇష్టమైన ఊహను కూడా సాక్ష్యం ముందు వదులుకోగలగడమే విద్య.

మచిలీపట్నానికి నిజంగా సంబంధించిన ఇంగ్లీషు మాట వేరే ఉంది. రంగురంగుల పూలు, తీగలు అద్దిన నూలుబట్టకు చింట్జ్ అని పేరు. మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో నేటికీ చెక్క అచ్చులతో అద్దే కలంకారీ బట్ట ఆ కుటుంబానికి చెందినదే. చింట్జ్‌కు మూలం హిందీలోని ఛీంట్, అంటే చుక్కలు, మచ్చలు చిమ్మిన బట్ట. ఒక బట్ట చింట్, నాలుగు బట్టలు చింట్స్. వర్తకులు మూటలు మూటలుగా కొన్నందున బహువచనమే ఎక్కువగా వినబడి, అదే ఏకవచనమని జనం అనుకొని, రాతలో జడ్ అక్షరం చేర్చారు. ఆ ఊరి అద్దకపువారి చేతిపని ఈ పేరుతో సముద్రాలు దాటింది; మస్లిన్ పేరు అరువు తెచ్చుకోవలసిన పని ఆ ఊరికి లేదు.

ధ్వని పోలిక లాగే భావం పోలిక కూడా ఒక్కొక్కప్పుడు మోసపుచ్చుతుంది. కిటికీకి సంస్కృతంలో గవాక్షం అని పేరు. గో అంటే ఆవు లేదా ఎద్దు, అక్షి అంటే కన్ను కనుక, అది ఎద్దు కన్ను. ఇంగ్లీషులో కిటికీకి విండో అంటారు. ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఉత్తర ఐరోపా నావికుల భాషలో దాని రూపం విందౌగ, అంటే గాలి కన్ను. రెండు జాతులవారూ గోడలోని రంధ్రాన్ని కన్నుగానే చూశారు. అంతమాత్రాన ఒక మాట నుంచి మరొకటి పుట్టలేదు. ఎండలోనూ మంచులోనూ ఇల్లు కట్టుకున్న మనుషులకు ఒకే ఊహ విడివిడిగా కలిగింది. ఇది వంశం కాదు, సాటి ఆలోచన.

పాత రూపం తెలిసినప్పుడు మాటలోని మనుషులు కూడా కనబడతారు. లార్డ్ అంటే ప్రభువు, లేడీ అంటే దొరసాని అని అందరికీ తెలుసు. లార్డ్ పాత రూపం హ్లాఫ్‌వెయర్డ్. హ్లాఫ్ అంటే రొట్టె, వెయర్డ్ అంటే కాపాడేవాడు. లేడీ పాత రూపం హ్లాఫ్‌డియె, అంటే రొట్టెకు పిండి పిసికేది. నేడు పట్టుబట్టలు, కిరీటాలు స్ఫురించే ఈ రెండు మాటలు ఒకనాటి ఇంగ్లండ్ ఇంట్లో పదిమందికి రొట్టె పెట్టిన యజమానిని, చేతులకు పిండి అంటుకున్న ఇల్లాలిని సూచించాయి. అన్నం పెట్టేవారే పెద్దవారు అన్న భావం తెలుగు ఇళ్లకు పరాయిది కాదు.

ఈ పాత రూపాలు ఎలా తెలిశాయనే ప్రశ్న శ్రోతలకు కలగవచ్చు. 1857లో లండన్‌లోని భాషాశాస్త్ర సంఘం ఆలోచన మొదలుపెట్టగా, 1928 నాటికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలి కూర్పు పూర్తయింది. 1879 నుంచి జేమ్స్ ముర్రే దానికి సంపాదకుడు. ఎందరో పాఠకులు జీతం లేకుండా పాత పుస్తకాలు చదివి, ఒక్కొక్క మాట వచ్చిన వాక్యాన్ని, పుస్తకం పేరును, సంవత్సరాన్ని చిన్న కాగితపు చీటీ మీద రాసి పంపారు. చీటీలను కాలక్రమంలో పేర్చితే మాట బాల్యం, యౌవనం, వార్ధక్యం వరుసగా కనబడతాయి. తెలుగుకు అటువంటి శ్రద్ధతోనే బ్రౌన్ రాతప్రతులు వెదికించి, సరిచేయించి, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించాడు.

ఈ సూత్రాన్ని శ్రోతలు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. న్యూస్ అనే మాట నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి చేసిందని బడిపిల్లలు కూడా చెబుతూ ఉంటారు. ఆ మాట వినగానే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మాట పాత రూపం ఏమిటి? అది ఏ దారిన వచ్చింది? చెప్పే కథ కంటే మాట ముందే ఉందా? న్యూ అంటే కొత్త. దానికి బహువచనం చేర్చి, ఫ్రెంచి మాట నమూనాలో, కొత్త సంగతులు అనే అర్థంలో న్యూస్ అన్నారు. పాత రాతల్లో చివరి అక్షరానికి ముందు అదనపు అక్షరం ఉన్న రూపం కూడా కనబడుతుంది. అందులో దిక్కుల లెక్క కుదరదు. మూడు ప్రశ్నలతో కథ తేలిపోయింది. పాత రూపం, నడిచిన దారి, కాలం అనే ఈ మూడింటిని పిల్లలకు నేర్పితే, ఏ భాష మాటనైనా వారు భయం లేకుండా, భ్రమ లేకుండా చదువుకుంటారు.

చివరిగా మళ్లీ ధవళేశ్వరానికి. నదికి అడ్డంగా కట్టే కట్టడానికి ఇంగ్లీషు ఇంజనీర్లు అనికట్ అని రాసేవారు. కాటన్ గోదావరికి రాకముందు కావేరి నీటి పనులు చేసిన తమిళ దేశంలో అణైకట్టు అనే మాట ఉంది. తెలుగు ఆనకట్ట దానికి తోబుట్టువు. ఇంగ్లండ్ పల్లెల్లోని గుడిసెలు కాటన్ అనే పేరులో దాగి గోదావరి ఒడ్డుకు వచ్చాయి. ఇక్కడి రైతులు పలికే కట్ట అనికట్ అనే మాటలో దాగి ఇంగ్లీషు నిఘంటువులోకి వెళ్లింది. పేరు తెలియని పల్లెజనం పెట్టిన పేర్లే భాషలను ఇంతకాలం మోశాయి. వాటిని చెవితో విని వదలక, పాత రాతలో వెదికి గుర్తించడం ఆ జనానికి చూపే గౌరవం.